ధాత కరువులో పౌను కూలి: ఒక పాలనా నిర్ణయం మీద కేస్ స్టడీ

కరువు పనుల్లో కూలి ఎంత ఇవ్వాలన్నది బయటివాళ్లకు లెక్కల గుమాస్తా తేల్చాల్సిన చిన్న విషయంగా కనిపిస్తుంది. రాయలసీమలో ఉపాధి పనుల మస్టర్లు (హాజరు పట్టీలు), కొలతలు, చెల్లింపులు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపిన నాకు మాత్రం, కరువులో ప్రభుత్వం తీసుకునే నిర్ణయాలన్నింటిలోనూ మనిషి ఒంటికి నేరుగా తగిలేది ఇదేనని అనిపిస్తుంది. పని ఎంత దూరంలో పెట్టారు, ఎంత కొలత అడిగారు, ఎంత కూలి కట్టారు, ఎన్నాళ్లకు చేతికిచ్చారు అన్న వివరాలు నా ముందు పెడితే, ఆ ప్రభుత్వం ఆకలిచావులకు ఎక్కువ భయపడుతోందో, ఖజానా ఖర్చుకు ఎక్కువ భయపడుతోందో చెప్పగలను.

ఇక్కడ నేను పరిశీలిస్తున్నది 1877 జనవరిలో మద్రాసు ప్రెసిడెన్సీలో అమలుకు వచ్చిన కూలి రేటు. దాన్ని నిర్ణయించిన బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ పేరు మీద అది ‘టెంపుల్ కూలి’గా చరిత్రలోకి ఎక్కింది. మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం కొనడానికి సరిపడే డబ్బు. ఉప్పూ మిరపకాయల వంటి వాటికి పైన కొద్దిపాటి పైకం. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకొంచెం తక్కువ. ఇందుకోసం రోజంతా మట్టి మోయాలి, లేదా రోడ్డుకు కంకర కొట్టాలి. ఆ కరువు అతి దారుణంగా తగిలిన ప్రాంతాల్లో మా దత్తమండలాలు, అంటే అప్పటి బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఉన్నాయి. 1876–77 మన పంచాంగం ప్రకారం ధాత నామ సంవత్సరం. సీమ పల్లెల్లో పెద్దవాళ్లు దాన్ని ధాత కరువు అనే చెప్పుకునేవారు.

కరువు వచ్చిన తీరు

1876లో నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. వెనక పంటకైనా ఆధారమవుతాయనుకున్న ఈశాన్య రుతుపవనాలూ రాలేదు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాలు, మైసూరు సంస్థానం, బొంబాయి ప్రెసిడెన్సీలోని దక్కను జిల్లాలు, నిజాం రాజ్యంలో కొంత భాగం ఒకేసారి ఎండిపోయాయి. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కూడా కలిసే ఉండేది. అది వేరు జిల్లా అయ్యింది 1882లో.

మెట్ట పల్లెలో కూలివాడి బతుకు గింజల మీద నడిచేది. జొన్నలో, కొర్రలో, సజ్జలో కొలిచి కూలిగా పోసేవారు. పైరు ఎండితే రైతు కూలికి పిలవడు, పిలుపు లేకపోతే గింజ రాదు. బజారులో గింజ ఉన్నా కొనడానికి చేతిలో కాసు ఉండదు. ధరలు రెండింతలు, మూడింతలైన నాటికి మొదట ఇత్తడి పాత్రలు, తరువాత ఎడ్లు, చివరికి ఇంటి దూలాలు అమ్మకానికి వస్తాయి. ఎడ్లు పోయిన ఊరికి మరుసటి ఏడు వాన పడినా దున్నే దిక్కు ఉండదు. పల్లె ఇలా మెట్టు మెట్టుగా దిగిపోవడం కరువు పనులు చూసిన ప్రతి ఉద్యోగికీ తెలుసు. సాయం ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టామన్న దాన్ని బట్టే ఎంతమంది మిగులుతారన్నది ఉంటుంది.

రైలు అప్పటికే ఉంది. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప, గుత్తి, ఆదోని మీదుగా వెళ్లి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే మార్గంతో కలిసింది. ఆ స్టేషన్లలో ధాన్యం బస్తాలు దిగాయి కూడా. కానీ కర్నూలు పట్టణానికి రైలు లేదు. స్టేషను నుంచి లోపలి తాలూకాలకు చేర్చాల్సింది ఎడ్లబండ్లే. మేతా నీళ్లూ లేక ఆ ఎడ్లే చచ్చిపోతున్నాయి. రైలు పెట్టె పక్కన గుట్టగా ధాన్యం ఉండటం, దానికి కొద్ది ఆమడల దూరంలో జనం పడిపోవడం, రెండూ ఒకే కాలంలో జరిగాయి. వ్యాపారం తన దారిన తాను ధాన్యాన్ని చేరుస్తుందని మద్రాసు ప్రభుత్వానికీ కలకత్తాలోని భారత ప్రభుత్వానికీ మధ్య నడిచిన వాదనలో ఈ చచ్చిన ఎడ్లకు చోటు దొరకలేదు.

మద్రాసు ప్రభుత్వం మొదట్లో చేసింది పూర్తిగా మంచిదని నేను అనను. కానీ దాని స్వభావం వేరు. తహసీల్దార్ల అజమాయిషీలో ఊరి దాపునే చిన్న చిన్న పనులు తెరిచారు. చెరువు పూడిక, ఊరి రోడ్డు, బావి వంటివి. కూలి ఒకటిన్నర పౌన్ల ధాన్యం స్థాయిలో ఉండేది. పర్యవేక్షణ తక్కువ, కొలతలు అంతంత మాత్రం. 1876 చివరికి పనుల మీద ఉన్న జనం పది లక్షల దరిదాపులకు చేరారు. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, ఆర్బత్‌నాట్ అనే వ్యాపార కంపెనీ ద్వారా 30,000 టన్నుల ధాన్యం గుట్టుగా కొనిపించింది. బజారులో సరుకు దొరకకపోతే చేతిలో ఉండాలన్నది ఆలోచన. ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో వేలుపెట్టిందని తెలిసి కలకత్తా మండిపడింది.

బీహారు నుంచి నేర్చుకున్న తప్పు పాఠం

టెంపుల్‌ను మద్రాసుకు ఎందుకు పంపారో తెలియాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1873–74లో బీహారులో కరువు ముంచుకొస్తే అక్కడి సహాయక చర్యలను నడిపించినవాడు ఈ టెంపులే. బర్మా నుంచి దాదాపు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం దిగుమతి చేయించాడు. పనికి వచ్చినవాళ్లకు కఠిన పరీక్షలు పెట్టలేదు. చావులు అతి తక్కువగా ఉన్నాయి. 1866 ఒరిస్సా కరువులో ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చుని లక్షలమందిని పోగొట్టుకున్న తరువాత, బ్రిటిష్ ఇండియాలో కరువు పాలన సాధించిన మొదటి పెద్ద విజయం అది.

దానికి దక్కిన బహుమానం తిట్లు. చివర్లో సుమారు లక్ష టన్నుల బియ్యం మిగిలిపోయింది. ఖర్చు 67 లక్షల స్టెర్లింగు పౌన్లు (ఇంగ్లండు డబ్బు) దాటింది. ప్రజాధనం దుబారా అయిందని లండన్‌లోనూ కలకత్తాలోనూ విమర్శలు వెల్లువెత్తాయి. బతికిన మనుషుల్ని లెక్కలో వేసే పట్టీ ఏ ఫైలులోనూ లేదు. మిగిలిన బియ్యానికి మాత్రం పట్టీ ఉంది. ఈ కేసులో అసలు మలుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. జనం బతికిన చోట అధికారికి మాట పడింది. ఆ మాట పడ్డ అధికారినే తరువాతి కరువులో ‘పొదుపు’ నేర్పడానికి పంపారు.

అప్పటి వైస్రాయి లార్డ్ లిట్టన్. వెండి ధర పడిపోయి రూపాయి విలువ తగ్గింది. లండన్‌కు పంపాల్సిన చెల్లింపులు పౌన్లలో ఉండటంతో ఖజానా బరువెక్కింది. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించారు. దక్షిణాన పది లక్షలమంది మట్టి మోస్తున్న రోజులవి. మద్రాసు గవర్నరు కూడా ఆ దర్బారులోనే ఉన్నాడు. ఆ నెలలోనే టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా నియమించి పంపారు. ఆయనకు అందిన ఆదేశాల సారం ఒక్కటే: ప్రాణాలు నిలవడానికి తప్పనిసరి అయిన దానికి మించి పైసా ఖర్చు కాకూడదు. 1867లో హైదరాబాదు రెసిడెంటుగా పనిచేసినవాడు కాబట్టి దక్కను ఆయనకు కొత్త కాదు. తెలియనివాడు చేశాడని సరిపెట్టుకునే వీలు అందుకే లేదు.

పౌను మీద పోరు

టెంపుల్ వచ్చాడు, వేగంగా జిల్లాలు తిరిగాడు, నోట్ల మీద నోట్లు రాశాడు. ఆయన చూపులో మద్రాసు పనులు వదులుగా ఉన్నాయి, అక్కరలేనివాళ్లు చేరిపోయారు, కూలి ఎక్కువ. అందుకని కూలిని ఒక పౌనుకు దించమన్నాడు. ఊరి దాపు పనులను కుదించి, ఇంజనీర్ల అజమాయిషీలో దూరంగా నడిచే పెద్ద పనులకు జనాన్ని తరలించమన్నాడు. ఇల్లు వదిలి, దూరం నడిచి, అంత తక్కువ కూలికి పనిచేయడానికి సిద్ధపడేవాడే నిజంగా అవసరం ఉన్నవాడు అన్నది ఆ ఏర్పాటు వెనక తర్కం. ఒక పౌను సరిపోతుందో లేదో కొన్నాళ్లు అమలుచేసి చూద్దామన్నది ఆయన ధోరణి.

దీనికి ఎదురు నిలిచినవాడు మద్రాసు శానిటరీ కమిషనరు (ప్రజారోగ్య అధికారి), సర్జన్ డబ్ల్యూ. ఆర్. కార్నిష్. ఈయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో సాక్ష్యం చేతిలో పట్టుకుని మాట్లాడినవాడు ఆయనే. 1860లలోనే మద్రాసు ప్రెసిడెన్సీ జనం ఏ జిల్లాలో ఏం తింటారు, జిల్లా జైళ్లలో ఖైదీలకు ఏం పెడుతున్నారు అన్న విషయాల మీద ఆయన నివేదిక తయారుచేశాడు. 1871 జనాభా లెక్కల నివేదిక రాసిందీ ఆయనే. అంటే ఏ తాలూకాలో ఎంతమంది ఉన్నారో, వాళ్ల పళ్లెంలో మామూలు రోజుల్లో ఏముంటుందో ప్రభుత్వంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి. ఆయన వాదన సూటిగా ఉంది. శ్రమ చేయించే మగవాడికి కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం కావాలి, దానికి తోడు పప్పు, కూరగాయలు కావాలి. జైల్లో పనిచేసే ఖైదీకి సర్కారు పెడుతున్న తిండి కంటే తక్కువ తిండితో స్వేచ్ఛగా ఉన్న కూలివాడి చేత రోజంతా పని చేయించడం కుదరదు. పౌను తిన్నవాడు ఆ వారమే పడిపోడు. కండ కరిగి, ఒంటికి నీరు పట్టి, కొద్ది వారాల్లో విరేచనాలతో పోతాడు. అందువల్ల పైపైన చూసి బాగానే ఉన్నారని రాసే తనిఖీ నోటుకు విలువ లేదు.

ఈ వాదన ఎంత బలమైనదో ఇప్పటి లెక్కతో చూడవచ్చు. 450 గ్రాముల జొన్నలో ఉండేది సుమారు 1,550 క్యాలరీలు. బరువు పని చేసే మగవాడికి రోజుకు దాదాపు 3,500 క్యాలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు చెబుతోంది. ఆనాటి మనిషి చిన్న ఒళ్లువాడనుకుని ఎంత తగ్గించినా, ఆ పౌను కదలకుండా పడుకున్నవాడికి సరిపోవచ్చునేమో గాని గడ్డపార పట్టినవాడికి చాలదు.

అంకె మీద కనిపించని కోతలు మరికొన్ని ఉన్నాయి. కూలి కట్టేటప్పుడు ఈ కోతలు నాకు రోజూ తగిలేవి. పౌను ‘ధర’ ఇస్తామంటే, ఆ ధర ఏ బజారుది? తాలూకా కేంద్రంలో తీసిన ధరకు, పని దగ్గర కొట్టు పెట్టిన వ్యాపారి ధరకు తేడా ఉంటుంది. ఆ తేడా కూలివాడి కడుపులోంచే పోతుంది. కొట్టువాడి కొలతలో కొంత, దంచితే తవుడుగా ఇంకొంత పోతుంది. ఊరికి దూరంగా ఉన్న పనిలో వంటకు కట్టెపుల్ల కూడా కొనాలి. ఇంట్లో వదిలి వచ్చిన ముసలితల్లికి ఎంతో కొంత పంపాలి. కాగితం మీద పౌను అని రాసినప్పుడే అది పౌను కంటే తక్కువని, కూలి కట్టిన అనుభవం ఉన్న ఏ గుమాస్తా అయినా చెబుతాడు. అడగవలసినవాళ్లు అడగలేదు.

కంకర కొట్టే పనిని దగ్గరగా చూస్తే ఈ ఏర్పాటు క్రూరత్వం ఇంకా స్పష్టమవుతుంది. అలవాటైన ఒడ్డెర మనిషి రాయి పొర చూసి కొడతాడు, దెబ్బకు రాయి విచ్చుకుంటుంది. మగ్గం దగ్గరో, మాగాణి నాట్లలోనో చేతులు మెత్తబడినవాళ్లు అదే సుత్తి పట్టుకుంటే మొదటి పూటకే బొబ్బలు లేస్తాయి, రెండో రోజుకు అవి చితుకుతాయి, మూడో రోజు కుప్ప సగం కూడా లేవదు. సాయంత్రం పెట్టెతో కొలిచి కుప్ప తగ్గిందని కూలి తగ్గిస్తే, తగ్గిన కూలితో తగ్గిన తిండి, ఆ తిండితో మరునాడు ఇంకా చిన్న కుప్ప. రాత్రికి రాత్రి ఎవరూ సోమరులైపోరు. ఒంట్లో శక్తి లేనివాడికి కొలత పెట్టడమంటే ఎండిన బావిలో చేద వేసి తాడు పొడవు చాలలేదనడమే.

ఆ తరువాత జరిగింది

బొంబాయి దక్కనులో 1877 మొదట్లోనే కూలీలు ఈ రేటుకు ఎదురుతిరిగారు. వేలకు వేలమంది పనులు మానేసి వెళ్లిపోయారు. పూణె సార్వజనిక సభ అనే ప్రజా సంఘం వాళ్ల తరఫున ప్రభుత్వానికి రాసింది. ఆకలితో ఉన్న జనం కూలి తక్కువని పని మానడం ఎంత పెద్ద నిర్ణయమో ఆలోచించండి. ఆ పనిలో ఉంటే చస్తామని వాళ్ల ఒళ్లు చెప్పిన తరువాతే అలాంటి నిర్ణయం వస్తుంది. అధికారులు దాన్ని అవసరం లేనివాళ్లు జారుకున్నారనడానికి రుజువుగా చదువుకున్నారు. పనుల మీద సంఖ్య తగ్గడమే విధానం సఫలమైందనడానికి గుర్తయింది. ఈ చదువు ఇప్పటికీ చావలేదు. హాజరు తగ్గితే ‘డిమాండు లేదు’ అని రాసే నోట్లు నా ఉద్యోగంలో చాలా చూశాను. చెల్లింపు నెలల తరబడి రాకపోతే వలస వెళ్లిపోయిన ఊరికి కూడా ఆ మాటే రాసేవారు.

మద్రాసులో కార్నిష్ పట్టు వదలలేదు. ఆయన నోట్లు, టెంపుల్ జవాబులు పత్రికల దాకా వెళ్లాయి. కొద్ది నెలల్లోనే మద్రాసు ప్రభుత్వం మెత్తబడి, ధాన్యాన్ని పౌనుంబావు దాకా పెంచి, దానికి కొంత పప్పు చేర్చింది. కార్నిష్ అడిగినదానికి అది సగం దారి. కానీ అప్పటికే జనం ఒళ్లు గుల్లయి ఉన్నాయి. ఈలోగా టెంపుల్ బొంబాయి గవర్నరుగా వెళ్లిపోయాడు.

1877 నైరుతి రుతుపవనాలు కూడా సమయానికి రాలేదు. వేసవి దాటేసరికి ఊళ్లు ఖాళీ అయ్యాయి. పని చేయలేనివాళ్లను క్యాంపుల్లో చేర్చి గంజి పోశారు. ఆ గుంపుల్లో కలరా, మశూచి పాకాయి. 1877 ఆగస్టు, సెప్టెంబరు నాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఏదో ఒక రూపంలో సాయం మీద ఉన్నవాళ్లు 20 లక్షలు దాటారు. వాళ్లలో పని చేసి కూలి తీసుకునేవాళ్ల కంటే ఉచితంగా గంజి మీద ఉన్నవాళ్లే చాలా ఎక్కువ. జనవరిలో పలుగు పట్టగలిగిన మనిషి ఆగస్టుకు గంజి దొడ్డికి చేరాడు. మిగిల్చామనుకున్న ఖర్చు మందు రూపంలో, గంజి రూపంలో, గుంతల రూపంలో తిరిగి వచ్చింది.

ఆగస్టు చివర్లో లిట్టనే దక్షిణానికి దిగి వచ్చాడు. మద్రాసు గవర్నరు సొంతంగా కరువు శాఖను చేతిలోకి తీసుకున్నాడు, బొంబాయి నుంచి జనరల్ కెనడీని తోడు తెచ్చుకున్నారు. లండన్ మేయరు ఆధ్వర్యంలో విరాళాల నిధి మొదలైంది. ఆ శరత్తులో వానలు పడ్డాయి. వానలతో పాటు జ్వరాలూ వచ్చాయి. నెలల తరబడి అర్ధాకలితో ఉన్న ఒంటికి మలేరియా తట్టుకునే శక్తి ఉండదు. పైరు చేతికొస్తున్న 1878లో కూడా చావులు ఆగలేదు. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే మామూలుకు మించి పోయినవాళ్లు 50 లక్షలు దాటి ఉంటారని తరువాత వేసిన కరువు కమిషనే ఒప్పుకుంది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం లేరు. బళ్ళారిలో ఐదో వంతు, కడపలో ఆరో వంతు దాకా తగ్గారు. దీన్నంతటినీ ఒక్క పౌను కూలి మీదికి తోయడం న్యాయం కాదు. కూలి పెంచినా కలరా వచ్చేది, 1877 వానలు ఆలస్యమయ్యేవి. కానీ ఆ ఏడాది మొదటి నెలల్లో జనానికి ఒంట్లో పట్టు ఉండగా నిలబెట్టే అవకాశం ఒక్కటే ఉంది, దాన్ని ఈ నిర్ణయం మింగేసింది.

మరో వైపు 1877లో ఇండియా నుంచి ఇంగ్లండుకు మూడు లక్షల టన్నులకు పైగా గోధుమ ఎగుమతి అయింది. ఆ గోధుమ దత్తమండలాలది కాదు, ఉత్తరాదిది. అయినా దేశంలో ధాన్యమే లేదన్న మాట నిలవదని చెప్పడానికి ఈ అంకె చాలు. కొరత ధాన్యంలో కంటే కొనే శక్తిలో ఉంది. కూలి రేటు అంటే ఆ శక్తే కదా! వ్యాపారానికి అడ్డు రాకూడదని ధాన్యం కొనడం మానినప్పుడు, జనం చేతిలో వ్యాపారిని పిలిచేంత డబ్బు పెట్టాల్సిన బాధ్యత రెండింతలవుతుంది. ధాన్యం మేం కొనేది లేదన్నారు, కూలీ తగ్గించారు. ఈ రెండూ కలిసి నడవవు.

1866లో డొక్కల కరువు వచ్చినప్పుడు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి కూడు పెట్టాడని సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఎవరి అవసరాన్నీ పరీక్షించలేదు. రాజ్యం ఒక ధనిక రైతులా నడవలేదని నాకూ తెలుసు. లెక్క ఉండాలి, మస్టరు ఉండాలి, దొంగపేర్లు కొట్టేయాలి. మద్రాసు తొలి పనుల్లో అజమాయిషీ లోపం నిజమే, టెంపుల్ ఆ మాట అనడంలో తప్పు లేదు. పర్యవేక్షణ పెంచాల్సిన చోట కూలి తగ్గించాడు. మోసం చేసేవాడు మేస్త్రీ, కాంట్రాక్టరు, గుమాస్తా. కోత పడింది గంప మోసేవాడికి. కరువు పనుల్లో ఇంతకంటే మామూలుగా జరిగే అన్యాయం నేను చూడలేదు.

కోడు వచ్చాక

1878లో రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కరువు కమిషను వేశారు. 1880లో నివేదిక వచ్చింది. దాని ఆధారంగా 1883లో కరువు కోడు (నియమావళి) ముసాయిదా తయారై, ప్రతి రాష్ట్రమూ తన కోడు రాసుకుంది. పాలనా యంత్రాంగం దృష్టితో చూస్తే ఇది గొప్ప పత్రమే. వాన, ధర, వలస, భిక్షగాళ్ల సంఖ్య వంటి గుర్తులను ముందే గమనించాలి. అనుమానం రాగానే పరీక్షగా పనులు తెరవాలి. జనం వస్తే కరువు ప్రకటించాలి. పనిచేయలేనివాళ్లకు ఊళ్లోనే ఉచిత సాయం అందించాలి. కూలిని ధాన్యం ధరతో ముడిపెట్టాలి, ధర మారితే కూలి మారాలి. ఈ చివరి నియమం వెనక 1877 చేదు అనుభవం ఉంది.

కోడు అనుమానాన్ని మాత్రం వదల్లేదు. పని కోరి వచ్చినవాడు తన అవసరాన్ని శ్రమతో రుజువు చేసుకోవాలన్న సూత్రం దాని వెన్నెముకగానే మిగిలింది. కరువు బీమా పేరుతో ఏటా కోటిన్నర రూపాయలు పక్కన పెడతామని 1878లో కొత్త పన్నులు వేశారు, అందులో కొంత అఫ్గాన్ యుద్ధపు ఖర్చులకు తరలిపోయిందన్న విమర్శ వెంటనే వచ్చింది. నీళ్ల మాట కూడా అప్పుడే లేచింది. గోదావరి మీద ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ 1878లో పార్లమెంటు కమిటీ ముందు, రైళ్ల మీద పెట్టిన డబ్బు కాలువల మీద పెట్టి ఉంటే ఇంతమంది పోయేవారు కాదని వాదించాడు. ఆయన ప్రత్యర్థులకు చేతికి దొరికిన ఉదాహరణ మా కర్నూలు–కడప కాలువే. ప్రైవేటు కంపెనీకి అయిదు శాతం వడ్డీ హామీ ఇచ్చి సుంకేసుల నుంచి తవ్వించిన ఆ కాలువ పెట్టుబడి తిరిగి ఇవ్వలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది. కాలువకు లాభం చూశారు గాని అది బతికించిన పొలాలను చూడలేదు. బీహారు బియ్యాన్ని తూచిన తక్కెడే ఇది కూడా.

మన చేతిలో ఉన్న పని

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ధాత కరువులో ఖాళీ అయిన నేలే అది. చట్టం పనిని హక్కుగా చేసింది. పని అడిగినవాడిని పరీక్షించే పద్ధతి పోయింది. ఊరి నుంచి అయిదు కిలోమీటర్లు దాటితే అదనపు కూలి కట్టాలని రాసింది. టెంపుల్ దూరాన్ని వడపోతగా వాడితే, ఈ నియమం దూరానికి వెల కట్టింది. ఈ ఒక్క మార్పు రావడానికి పట్టిన కాలం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

కొలత మాత్రం ఉంది. గట్టి నేలలో ఎంత తవ్వితే పూర్తి కూలి వస్తుందన్న ధరల పట్టిక ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాడు మామూలు ఎండలో చేసే పనిని చూసి కట్టిన రేటు, ఏప్రిల్ ఎండలో అర్ధాకలి మీద వచ్చిన ముసలామెకు వర్తించదు. మన రాష్ట్రంలో వేసవి నెలల్లో కొంత శాతం భత్యం కలిపి కొలత సడలించే ఏర్పాటు తెచ్చారు, అది ఎన్నో కుటుంబాల్ని కాచింది. బడ్జెట్టు బిగిసిన ప్రతి ఏడాదీ అధికారుల సమావేశాల్లో ముందుగా కోతకు వచ్చేది ఇలాంటి సడలింపులే.

కరువు మండలాల్లో పనులు తెరిచే తోటి ఉద్యోగులకు ఈ కేసు నుంచి నేను పట్టుబట్టి చెప్పేది ఇది. కరువు ప్రకటించిన మండలంలో మొదటి రెండు వారాలు కొలత అడగకుండా రోజు కూలి కట్టండి. కూలివాళ్లు తిండి తిని ఒళ్లు నిలదొక్కుకున్న తరువాతే టేపు తీయండి. పని మొదలైన రోజు, ఆ తరువాత నెలనెలా అక్కడే వాళ్ల బరువు తూచి మస్టరు పక్కన రాయండి. అంగన్‌వాడీ తక్కెడ ప్రతి ఊళ్లోనూ ఉంది. బరువు తగ్గుతున్న చోట రేటు తప్పని అర్థం చేసుకోవడానికి వేరే సర్వే అక్కర్లేదు. నిత్యావసరాల ధర మండల కేంద్రంలో కాకుండా పని దగ్గరి కొట్టులో తీయండి. హాజరు పడిపోతే ‘డిమాండు లేదు’ అని రాసే ముందు, వారంలో ఎంతమందికి డబ్బు పడింది, ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి అన్న రెండు గళ్లు నింపనిదే ఆ నివేదిక మీద సంతకం పెట్టవద్దు.